కుడి ముందు చక్రం

గంగారాం సేటు దినాలకు బాన్సువాడ పోతూ, ఊరి మొదట్లో ఉన్న కార్ల షెడ్డులో నా కారు వదిలిపెట్టవలసి వచ్చింది. నస్రుల్లాబాద్ దాటినప్పటి నుంచి బ్రేకు తొక్కినప్పుడల్లా ముందు చక్రంలో ఇనుము మీద ఇనుము గీసినట్టు ఒకటే కీచు. కుడి వైపు. షెడ్డులో బల్ల వెనక కూర్చున్న అమ్మాయి చక్రం విప్పించి, లోపలి నుంచి తీసిన రెండు బ్రేకు ప్యాడ్లు తెచ్చి నా ముందు పెట్టింది. ఒకటి రేకు తేలేదాకా అరిగిపోయింది. రెండోది ఇంకా చాలాకాలం పనికొచ్చేలా ఉంది. ఆమె వాటిని అటూ ఇటూ తిప్పి చూసి, ఎంతో మర్యాదగా, "అంకుల్, బండి నడిపేటప్పుడు కాలు బ్రేకు మీదనే పెట్టి ఉంచుతరా మీరు?" అని అడిగింది.

ఆ మాట నేను మొదటిసారి పడ్డప్పుడు ఈ అమ్మాయి తల్లి కూడా పుట్టి ఉండదు. నాకు మొహం వేడెక్కింది. "కాలు పెడితే రెండూ అరగాలె గద బిడ్డా, ఒక్కటే ఎట్ల అరుగుతది?" అన్నాను. ఆమె నవ్వి, "చూపిస్తమంకుల్. మీకేమన్న పనుంటే చూసుకొని రాండ్రి" అంది. ఆ నవ్వు కూడా నాకు గుర్తుండిపోతుంది. నాకు అన్నీ గుర్తుంటాయి. నా భార్య బతికి ఉన్నన్నాళ్లు దీన్ని రోగమనే పిలిచేది. ఇప్పుడు ఇంట్లో ఆ మాట అనడానికి కూడా ఎవరూ లేరు.

సేటు ఇంటికి నడిచే వెళ్లాను. ఇంటిని ఆనుకుని ఉండే ఆయన బియ్యం మిల్లు ఇప్పుడు లేదు, ఆ జాగాలో ఫంక్షన్ హాలు లేచింది. గేటు దగ్గర కాసేపు నిలబడితే, తవుడు వాసన కోసం ముక్కు దానంతట అదే వెతికింది. ఆ వాసనలో నేను కొన్నేళ్లు పడుకున్నాను. మిల్లులో తవుడు బస్తాలు పేర్చే గది పక్కన నాకొక చిన్న అర్ర ఇచ్చారు. తలుపు మూసినా సన్నటి దుమ్ము లోపలికి వచ్చేది, పొద్దున లేస్తే కనుబొమ్మలు తెల్లగా ఉండేవి. మాది నస్రుల్లాబాద్ అవతలి తండా. మా యాడి, అంటే మా అమ్మ, నాకు ఊహ తెలిసే వయసులోనే పోయింది. బాపు చెరుకు కొట్టే గుంపుతో ఊళ్లు తిరిగేవాడు, ఎప్పుడు ఎక్కడ ఉంటాడో తెలిసేది కాదు. డ్రైవింగ్ నేర్చుకుని, లైసెన్సు తీసుకుని నేను గంగారాం సేటు జీపు ఎక్కాను. మిల్లులో హమాలీలు తెలుగు మాట్లాడేవారు, బజారులో ఉర్దూ నడిచేది, బిచ్కుంద సంతకు పోతే మరాఠీ కూడా వినబడేది. మా భాష మాత్రం నా నోట్లోనే ఉండిపోయేది. తలుపు వేసుకుని ఒక్కడినే నాలుగు మాటలు అనుకుని పడుకున్న రోజులున్నాయి.

సేటు చెడ్డవాడని నేను చెప్పను. చెప్పవలసినవే చెబుతాను. పొద్దున్నే గడప మీద కూర్చుని చాయ్‌ని సాసరులో పోసుకుని, జుర్రుమని శబ్దం చేస్తూ తాగేవాడు. ఆ శబ్దం అయిపోయేదాకా ఎవరూ ఆయనతో మాట్లాడకూడదు. నా చాయ్ కిటికీ గూట్లో ఉండేది. నా గ్లాసు, నా సత్తు పళ్లెం కూడా అక్కడే. హమాలీల పళ్లేలు వంటింటి అరుగు మీద బోర్లించేవారు, నాది మాత్రం కిటికీలో. ఎందుకని ఎవరూ చెప్పలేదు, నేను అడగనూ లేదు. కానీ ఆ గూడు రంగు, దాని మూలన ఉన్న పగులు, పగులులో తిరిగే చీమలు, అన్నీ ఇప్పటికీ కళ్ల ముందే ఉన్నాయి.

ఆ ఇంట్లో నాతో మనిషిలా మాట్లాడింది సేటు తల్లి లస్మవ్వ. పొద్దు పొడవకముందే లేచి వాకిట్లో పేడనీళ్లు చల్లేది. తర్వాత పొయ్యి దగ్గర కూర్చుని జొన్నరొట్టెలు కొట్టేది. ఆ చప్పుడు నా అర్రలోకి వినబడేది, నాకు అదే గడియారం. జీపు తుడుస్తుంటే కొంగు కింద రొట్టె పట్టుకుని వచ్చి, "బాటి ఖాదో?" అనేది. రొట్టె తిన్నావా అని. మా భాషలో ఆమెకు వచ్చిన మాట అదొక్కటే. చిన్నప్పుడు వాళ్ల పొలంలో కూలికి వచ్చిన తండా ఆడవాళ్ల దగ్గర నేర్చుకుందట. పలకడం తప్పే. అయినా ఆ మాట కోసం నేను జీపును అవసరానికి మించి తుడిచేవాణ్ని.

లస్మవ్వకు దిష్టి భయం చాలా ఎక్కువ. ప్రతి అమాసకు జీపు ముందు నిమ్మకాయ, మిరపకాయలు గుచ్చి కట్టేది. సేటు తమ్ముడు విఠల్ హైదరాబాద్‌లో చదివి వచ్చాక అవి ఆయనకు మోటుగా కనబడ్డాయి. ఎండాకాలంలో ఒక రోజు అందరి ముందే కత్తితో కోసి మోరీలో పారేశాడు. "అవ్వా, జీపును ఎడ్లబండి చేయకు. నలుగురు నవ్వుతున్నరు" అన్నాడు. లస్మవ్వ లోపలికి పోయి పొయ్యి దగ్గర కూర్చుంది. ఆ తర్వాత ఎప్పుడూ బండి ముందు ఏమీ కట్టలేదు. ఆమె ఒప్పుకుందని అందరం అనుకున్నాం.

కుడి ముందు చక్రం గొడవ ఆ ఎండాకాలం తర్వాతే మొదలైంది. ఆ జీపులకు ఇప్పటిలా ప్యాడ్లు లేవు. చక్రం వెనక డ్రమ్ములో రెండు లైనర్లు ఉండేవి. బ్రేకు తొక్కితే ఆయిలు వాటిని నెడుతుంది, అవి విచ్చుకుని డ్రమ్మును పట్టుకుంటాయి. కాలు తీస్తే స్ప్రింగులు వాటిని వెనక్కి లాగుతాయి, ఆయిలు వచ్చిన దారినే తిరిగి పోతుంది. నాలుగు చక్రాలకూ ఒకే పద్ధతి. మిగతా మూడు చక్రాల లైనర్లు కొత్తవాటిలా ఉంటే, కుడి ముందు చక్రంలోవి రివిట్లు తేలి డ్రమ్మును గీకేవి. బండి కుడికి గుంజేది. కొమ్ము కాలినట్టు ఒక వాసన వచ్చేది. ఆ వాసన నా అంగీలో, దుప్పట్లో, చివరికి అన్నంలో కూడా ఉన్నట్టుండేది.

బస్టాండు వెనక ఖాజా మేస్త్రీ షెడ్డు ఉండేది. ఆయన మాటకారి. సిలిండరు విప్పి లోపలి రబ్బరు కప్పులు మార్చాడు, కొత్త స్ప్రింగులు వేశాడు, డ్రమ్ము నిజామాబాద్ పంపి లేతు మీద సాపు చేయించాడు. ప్రతిసారీ "ఇగ ఫికర్ లేదు సేటూ, పెళ్లికొడుకు లెక్క ఉరుకుతది" అనేవాడు. కొన్ని వారాలకు మళ్లీ అదే కీచు. చేసిన పని తప్పని ఆయన అనుకోడు కదా. ఒక రోజు మిల్లు వాకిట్లో, హమాలీలందరూ చాయ్ తాగుతుండగా, చేతులు తుడుచుకుంటూ తీర్పు చెప్పాడు.

"సేటూ, మాల్ మంచిదే. పని మంచిదే. డ్రైవర్ కాలే ఖరాబ్. బ్రేకు మీదికెల్లి తీస్తనే లేడు."

"ఏందిరా చందర్?" అన్నాడు సేటు.

"సేటూ, నేను కాలు పెడ్తే నాలుగు చక్రాలు అరగాలె. గిదొక్కటే ఎట్ల అరుగుతది? నాకు నాలుగు పెడళ్లు ఉన్నయా?"

హమాలీలు నవ్వారు. నవ్వింది నా మాటకు, కానీ సేటు ఆ నవ్వును తన మీదికి తీసుకున్నాడు. "నోరు బాగనే లేస్తుంది. కాలు ఎందుకు లేస్తలేదు?" అన్నాడు. అప్పుడు ఇంకా గట్టిగా నవ్వారు. నా మాటకు జవాబు మాత్రం ఎవరూ చెప్పలేదు.

మరునాడు విఠల్ ఎద్దు మెడలో కట్టే మువ్వ ఒకటి తెచ్చి, బ్రేకు పెడలు కింద తీగతో కట్టాడు. "ఇగ నువ్వు ఎన్నిసార్లు తొక్కుతున్నవో ఊరంత వింటది" అన్నాడు. బాన్సువాడ నుంచి బిచ్కుంద పోయే రోడ్డు అప్పట్లో రోడ్డు కాదు, గుంతల వరస. కాలు కదిలించకుండా కూర్చున్నా మువ్వ ఘల్లుఘల్లుమంటూనే ఉండేది. బజారులోకి రాగానే ఎవరో ఒకరు "బ్రేకు కాలు వచ్చిండు" అని కేక వేసేవారు. అట్లా ఆ పేరు పడింది. తీగ తెంపడం నాకు చేతకాక కాదు. తెంపితే తప్పు నాదేనని ఒప్పుకున్నట్టు అవుతుందని ఉంచాను. గేరు మార్చేటప్పుడు తప్ప ఎడమ కాలు మడిచి సీటు కింద పెట్టుకుని, కుడి కాలు యాక్సిలేటరు మీద బిగబట్టి నడిపాను. తొడలు పట్టేసేవి. లైనరు అట్లాగే అరిగింది.

అప్పటి నుంచి బండి ఆపిన ప్రతిచోటా దిగి నాలుగు డ్రమ్ముల మీద అరచేయి పెట్టి చూసేవాణ్ని, పిల్లలకు జ్వరం చూసినట్టు. మూడు గోరువెచ్చగా ఉండేవి. కుడి ముందుది చేయి కాలేది. బిచ్కుంద సంతలో ఒక ముసలాయన అది చూసి, "దవాఖానకు తీస్కపో బిడ్డా, చక్రానికి సూది ఏస్తరు" అన్నాడు. నాతో మంచిగా మాట్లాడిన వాళ్లలో అతనూ ఒకడని ఇప్పుడనిపిస్తుంది. ఆ రోజు మాత్రం అతని మీద కూడా కోపం వచ్చింది.

మళ్లీ కొత్త లైనర్లు వేయించినప్పుడు సేటు అందరూ వినేలా చెప్పాడు: "చందర్, ఇదే ఆఖరు. ఇవి గనక అరిగినయా, నువ్వు జీపు దిగి తండాకు పో. బ్రేకు కాలు అనే పేరుతోని నీకు ఇంకెవ్వడు బండి ఇయ్యడు, చూస్కో." అది బెదిరింపు కాదు, నిజం. ఆ చుట్టుపక్కల ఊళ్లలో బండ్లున్న వాళ్లందరూ ఒకరికొకరు తెలిసినవాళ్లే. తండాలో నాకు ఇల్లు కూడా మిగల్లేదు, గోడలు వానకు కూలిపోయాయి. ఆ జీపు సీటు తప్ప నాకు కూర్చునే చోటు లేదు.

అది జరిగిన కొద్ది రోజులకే, బిచ్కుందలో విత్తనాల బస్తాలు దింపి వస్తుంటే, ఊరింకా చాలా దూరం ఉందనగా జీపు మొరాయించింది. కుడి ముందు చక్రం బిగుసుకుపోయింది. మిట్టమధ్యాహ్నం, చుట్టూ కోసిన వరి మళ్లు, మనిషన్నవాడు లేడు. జాకీ పెట్టి లేపి చక్రం తిప్పితే కదలదు. నా కాలు దాని మీద లేదు. నేను కింద మట్టిలో కూర్చుని ఉన్నాను, మువ్వ మోగకుండా వేలాడుతోంది, చక్రం మాత్రం బ్రేకు పట్టుకునే ఉంది. ఇది చూడడానికి ఒక్క సాక్షి ఉంటే బాగుండునని ఎంత అనుకున్నానో.

ఖాజా మేస్త్రీ చేసేది చూసీ చూసీ నాకు కొంత పని వచ్చింది. చక్రం వెనక గాలి తీసే చిన్న నట్టు ఉంటుంది. దాన్ని వదులు చేశాను. ఆయిలు చిమ్మింది, చక్రం వదిలేసింది. అంటే స్ప్రింగులు మంచివే, సిలిండరు మంచిదే. ఆయిలు లోపలికి పోయి తిరిగి రావడం లేదు. దారి ఎక్కడ మూసుకుందో తెలియాలి. నట్టు బిగించి, పెడలు తొక్కి వదిలాను, చక్రం మళ్లీ బిగుసుకుంది. ఈసారి చక్రం దగ్గర కాకుండా పైన, ఇనుప పైపు రబ్బరు పైపును కలిసే చోట వదులు చేశాను. నాలుగు చుక్కలు కారాయి, చక్రం కదల్లేదు. మళ్లీ కింద నట్టు తిప్పాను, వదిలేసింది. అంటే అడ్డం ఉన్నది ఆ రెండింటి నడుమ, రబ్బరు పైపులోనే. కాలు తొక్కిన బలానికి ఆయిలు ఎట్లాగో దూరి పోతోంది, స్ప్రింగుల బలం దాన్ని వెనక్కి నెట్టడానికి చాలడం లేదు.

బండి కిందికి దూరి పైపును తడిమాను. బురద, గ్రీసు గట్టిపడి బొటనవేలంత ముద్ద ఉంది. గీకాను. కింద నల్లదారం. దాని కింద ఇంకా దారం, పొర మీద పొర, ముడి మీద ముడి. మధ్యలో జీడిగింజలు, ఒక రాగి తాయెత్తు. కాలువ నీళ్లకు తడిసి, ఎండకు ఎండి, ఒక్కో పొర బిగుసుకుపోయింది. కత్తితో కోసి తీస్తే లోపల పైపు పీకనొక్కినట్టు సన్నబడి ఉంది.

నాకు తట్టిన మొదటి పేరు విఠల్. మువ్వ కట్టినవాడు ఇది కూడా కట్టి ఉంటాడని, నన్ను దించడానికే చేశాడని అనుకున్నాను. అట్లా అనుకున్నందుకు నాకు ఇప్పటికీ బాధ లేదు. పైపులోకి గాలి దూరి పెడలు మెత్తబడింది. గేర్ల మీదనే బండిని ఆపుకుంటూ మిల్లుకు చేరేసరికి సాయంత్రపు చాయ్ వేళ. సేటు, విఠల్, హమాలీలు, కూలి డబ్బులకు వచ్చిన ఖాజా మేస్త్రీ, అందరూ ఉన్నారు. అంతకంటే మంచి పంచాయతీ నాకు దొరకదు. ఆ దారపు ముద్దను సేటు ముందు గడప మీద పెట్టాను.

"సేటూ, నా కాలు ఇదిగో. రబ్బరు పైపుకు కట్టి పీక పిసికిన్రు. ఆయిలు వాపస్ వస్తలేదు. ఎవలు కట్టిన్రో నీ తమ్మున్ని అడుగు."

విఠల్ లేచి నిలబడ్డాడు. "నాకేం పని రా? నిమ్మకాయలు కోసి పారేసినోన్ని నేను తాయెత్తులు కడ్తనా?"

ఖాజా మేస్త్రీ ముద్దను తిప్పి చూసి, "అరే, నేను గిది చూసిన. రాళ్లు తగలకుండ డ్రైవరే సుతిలి చుట్టిండనుకున్న. అందరు చుడ్తరు గద" అన్నాడు.

లోపల చేట చప్పుడు ఆగింది. లస్మవ్వ బయటికి వచ్చి గడప దగ్గర నిలబడింది. ఆమె చేతులకు నూకలు అంటుకుని ఉన్నాయి.

"నేనే కట్టిన" అంది. "ముంగట కడ్తే కోస్తున్నరని లోపట కట్టిన. అమాసకొకటి. మెత్తగ చేతికి అందింది, ఏం పైపో నాకేం ఎరుక?"

సేటు నవ్వాడు. సాసరులో చాయ్ ఒలికేదాకా నవ్వాడు. "ఓయమ్మా, మా అవ్వ జీపుకు మొలతాడు కట్టింది రో!" అన్నాడు. ఇగ వాకిలంతా నవ్వు. విఠల్ నవ్వాడు, ఖాజా మేస్త్రీ కళ్లు తుడుచుకున్నాడు, హమాలీలు ఒకరి భుజం మీద ఒకరు పడ్డారు. తప్పు నాది అనుకున్నప్పుడు నెలల తరబడి తిట్టు, మువ్వ, బెదిరింపు. తప్పు వాళ్లమ్మది అని తేలినప్పుడు నవ్వు. ఆమెను తిట్టాలని నేను కోరుకోలేదు. నేను అక్కడ నిలబడి ఒక్క మాట కోసం చూశాను. నీ కాలు తప్పు లేదురా అని. గ్లాసులు ఖాళీ అయ్యాయి, హమాలీలు లేచారు, సేటు ఖాజా మేస్త్రీతో కొత్త పైపు సంగతి మాట్లాడుకుంటూ లోపలికి పోయాడు. ఆ మాట రాలేదు. మువ్వను నేనే తెంపి కిటికీ గూట్లో, నా పళ్లెంలో పెట్టాను.

ఆ సందడిలో నవ్వనిది లస్మవ్వ ఒక్కతే. నేను జీపు దగ్గరికి పోతే వెనకాలే వచ్చింది. "కుడి దిక్కే ఎందుకు కట్టినవ్ అవ్వా?" అన్నాను, అంత కోపంలోనూ.

"నువ్వు కూసునేది గా దిక్కే గద" అంది. "బండికి గాదు బిడ్డా, నీకు కట్టిన. నీకు కట్టనీకి ఎవరున్నరు?"

ఆమె కొంగు కింద రొట్టె ఉంది. ఆ సాయంత్రం నేను దాన్ని తీసుకోలేదు. నవ్విన ఇంటి రొట్టె అనుకున్నాను. కొత్త పైపు వేశాక వేయించిన లైనర్లు నేను ఆ నౌకరీ మానేదాకా అరగలేదు. లస్మవ్వ ఇంకెప్పుడూ దారం కట్టలేదు. బండి ఆలస్యమైతే మాత్రం గేటు దగ్గర నిలబడేది, నేను కనబడగానే ఏమీ అనకుండా లోపలికి పోయేది. సర్కారు జీపు నడిపే ఉద్యోగం వచ్చి నేను వెళ్లిపోయాను. ఆమె పోయిందని నాకు ఎవరూ కబురు చెయ్యలేదు. చాలా రోజుల తర్వాత బస్సులో ఎవరో మాటల మధ్య చెప్పారు. ఆ ఇంటివాళ్లు చెప్పి ఉండవలసింది.

ఇప్పుడు సేటు దినాల భోజనాల దగ్గర విఠల్ నన్ను గుర్తుపట్టాడు. వంగిపోయాడు, పళ్లు లేవు, గొంతు మాత్రం అదే. "ఎవలొచ్చిన్రో చూడుండ్రి! బ్రేకు కాలు చందర్!" అని కేక వేసి, మనవళ్లను పిలిచి నా పక్కన కూర్చోబెట్టి జీపు మొలతాడు కథ చెప్పాడు. వింటూ ఉంటే నా చేతిలో ముద్ద ఆగిపోయింది. ఆయన కథలో డ్రైవరు కాలు ఎప్పుడూ బ్రేకు మీదనే ఉండేది, బండి ఎక్కడ బోల్తా పడుతుందోనని లస్మవ్వ భయపడి తాయెత్తు కట్టింది! ముందుది వెనక, వెనకది ముందు. "కాదు విఠల్, తాయెత్తు కట్టినందుకే లైనరు అరిగింది. నా కాలు కాదు. పైపు విప్పి చూసింది నేను" అన్నాను. గొంతు కొంచెం లేచినట్టుంది. పక్క వరసలో వాళ్లు తలలు తిప్పారు. విఠల్ నా భుజం తట్టి, "ఏదో ఒకటి తీయి, ఎప్పటి ముచ్చట" అన్నాడు. ఎవరో వచ్చి నా విస్తరిలో లడ్డూ వేసి పోయారు. ఆ ఇంటి విస్తరి నాకు లోపల, నలుగురి వరసలో వేయడం అదే మొదటిసారి. నాతో పాటు ఆ సంగతి గమనించేవాళ్లు ఎవరూ లేరు. గ్లాసు కిటికీ గూట్లో పెట్టే కాలం పోయింది, మంచిదే. అయితే అది ఉండేదని చెప్పినా ఇప్పుడు ఎవరూ నమ్మరు.

షెడ్డుకు వచ్చేసరికి కారు సిద్ధంగా ఉంది. ఆ అమ్మాయి తుప్పు పట్టిన చిన్న ఇనుప పిన్ను చూపించింది. ప్యాడ్లను పట్టుకునే భాగం ఆ పిన్ను మీద జరగాలట, తుప్పుకు అది బిగుసుకుని, లోపలి ప్యాడు ఎప్పుడూ రాసుకుంటూనే ఉందట. శుభ్రం చేసి, గ్రీసు పెట్టి, కొత్త ప్యాడ్లు వేశారు. "మీ కాలుది ఏం తప్పు లేదంకుల్" అంది, బిల్లు మీద ముద్ర కొడుతూ.

"ఇంకోసారి చెప్పు బిడ్డా" అన్నాను.

ఆమె తల ఎత్తి నా తెల్లజుట్టు వైపు, చెవుల వైపు చూసింది. నాకు వినబడదనుకుంది. ముందుకు వంగి, షెడ్డంతా దద్దరిల్లేలా, "మీ కాలు తప్పు లేదంకుల్!" అని అరిచింది. పని చేస్తున్న వాళ్లు, బెంచీ మీద కూర్చున్న వాళ్లు, చాయ్ తెచ్చిన మనిషి, అందరూ ఆగి నా కాలి వైపు చూశారు. నాకు వాళ్లలో ఒక్కరి పేరు కూడా తెలియదు.

బయటికి వచ్చి కారు దగ్గర మెల్లగా గొంతుక్కూర్చున్నాను. కుడి ముందు చక్రం మీద అరచేయి పెట్టాను, చల్లగా ఉంది. చక్రం వెనక్కి చేయి పోనిచ్చి రబ్బరు పైపును వేళ్లతో మొదటి నుంచి చివరిదాకా తడిమాను. నున్నగా, శుభ్రంగా ఉంది. దానికి ఏమీ కట్టి లేదు.